పటమున గానరాని వ్యాధి

హైదరాబాదు నగరమున పంజాగుట్టనుండి వాయవ్యముగా బోవు పెద్దబాటమీద రెండు వైద్యశాలలు గలవు. మొదటిది పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ. జనులు దీనిని నిమ్సు అందురు. రెండవది ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయము. మెట్రోరైలులో పంజాగుట్ట విడిచి అమీరుపేట, సంజీవరెడ్డి నగరము, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి దాటినచో నాలుగవ స్టేషనే ఎఱ్ఱగడ్డ. మొదటి వైద్యశాలకు బోవువారు ఇరుగుపొరుగులకు జెప్పియే పోవుదురు; తిరిగి వచ్చిన పిమ్మట చుట్టములు పండ్లు గొని పరామర్శకు వత్తురు. రెండవదానికి బోవువారు మాత్రము తెల్లవాఱకమునుపే లేచి, ఎవరింటనో పెండ్లి యని చెప్పి పోవుదురు. ఈ నగరమున నొకరినొకరు ఎగతాళి చేయునపుడు "నిన్ను ఎఱ్ఱగడ్డకు బంపవలెను" అనుట మనమందఱము విన్నదే. పాప మా పేటపేరే తిట్టుగా మాఱిపోయినది.

సోదరీమణులారా! పంజాగుట్టలో జూచు పక్షవాతము, మూర్ఛ, కంపవాతము మెదడునకు సంబంధించిన రోగములే గదా! మఱి నెలల తరబడి విడువని విషాదమును, నిష్కారణమైన భయమును, ఉన్మాదమును ఏ యవయవమునకు సంబంధించినవి? అవియు నా మెదడునకు జెందినవే. ఒకే యవయవమునకు వచ్చిన వ్యాధులలో కొన్నిటికి జాలియు, కొన్నిటికి సిగ్గును మన మేల పంచిపెట్టుచున్నాము?

ఇందులకు గల కారణములలో నొకటి, కంటికి గనబడినదానినే నమ్ము మన స్వభావము. మెదడును బటము తీయు యంత్రములు వచ్చిన పిదప నీ స్వభావము మఱింత బలపడినది. "స్కానులో నేమియు లేదు" అను నొక్క మాటతో నెందఱో స్త్రీల బాధ నటన యని యిండ్లలో తీర్మానింపబడుచున్నది. కావున నా పటములు ఏమి చూపగలవో, ఏమి చూపలేవో, మెదడులోని రసాయనములకును మన సుఖదుఃఖములకును గల సంబంధ మెట్టిదో ప్రతి యిల్లాలును దెలిసికొనియుండుట యవసరము.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె నిష్పక్షపాతులని చెప్పవచ్చును. చరకసంహిత నిదానస్థానమున జ్వరము, గుల్మము, కుష్ఠము మొదలగువాని సరసనే ఉన్మాదమునకును అపస్మారమునకును వేఱువేఱు అధ్యాయములు గలవు. భూతాదులవలన గలుగు నున్మాదమును గూర్చియు నందు జెప్పబడినది. అయినను వాతపిత్తకఫముల వికారమున బుట్టు నున్మాదమును తక్కిన రోగములవలెనే లక్షణములతో వివరించి చికిత్స విధించిరి. అది వైద్యునియొద్దకు గొనిపోవలసిన రోగమే కాని దాచిపెట్టవలసిన కళంకమని వారు తలపలేదు.

పటములు తీయు విధము

మెదడు గట్టి పుఱ్ఱెలోపల భద్రముగా నున్నది. 1895లో కనుగొనబడిన ఎక్స్ కిరణములతో దీసిన సాధారణ పటములో పుఱ్ఱె యెముక కనబడునేగాని లోని మెత్తని పదార్థము స్పష్టముగా గనబడదు. ఈ లోపమును దీర్చినవి సి.టి. యంత్రములు. వీనియందు ఎక్స్ కిరణముల గొట్టము తలచుట్టును దిరుగును. అన్నివైపుల లెక్కలను గణనయంత్రము కూర్చి, దోసకాయను చక్రములుగా దరిగి పేర్చినట్లు, మెదడును పలుచని పొరలుగా జూపును. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనులో మొదటి రోగికి ఇట్టి పటము దీసిరి. దీనిని నిర్మించిన హౌన్స్‌ఫీల్డునకును, గణితమార్గము చూపిన కార్మాకునకును 1979లో నోబెలు బహుమానము లభించినది.

రెండవది ఎం.ఆర్.ఐ. ఇందు ఎక్స్ కిరణములు లేవు. మిక్కిలి బలమైన అయస్కాంతము గలదు. మన దేహమున నీరు హెచ్చు. ఆ నీటిలోని హైడ్రోజను పరమాణువుల గర్భములు చిన్నచిన్న అయస్కాంతములవలె నడచుకొనును. రేడియో తరంగములతో వానిని గదల్చి, అవి తిరిగి కుదుటబడునపుడు వెలువఱచు సూక్ష్మసంకేతములనుండి పటము గూర్తురు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డు అను నిరువురకు ఇందులకై 2003లో నోబెలు బహుమానము వచ్చినది. ఈ యంత్రములోనికి బోవునపుడు గాజులు, మెట్టెలు, పుస్తెలు, తలపిన్నులు, పిన్నీసులు అన్నియు దీసివేయవలెను. పుస్తెలు దీయుటకు సంకోచించు సోదరీమణులు పసుపుకొమ్ము గట్టిన దారము ధరించి పోవచ్చును. గుండెకు యంత్రము అమర్చినవారును, గర్భవతులును ఆ సంగతి ముందుగనే చెప్పవలెను. లోపల గొట్టిన శబ్దము పెద్దది, భయపడ బనిలేదు.

మూడవది పెట్ స్కాను. మెదడు మన బరువులో నూటికి రెండుపాళ్లే యైనను, దేహము వ్యయపఱచు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు తానే మ్రింగును. చక్కెరవంటి పదార్థమునకు రేడియోధార్మికమైన ఫ్లోరినును జేర్చి సూదిమూలమున నెక్కించినచో, మెదడులో నేభాగ మెక్కువ పనిచేయుచున్నదో, ఏది మందగించినదో యంత్రమునకు దెలియును. ఆ ఫ్లోరిను సుమారు 110 నిమిషములకు సగము తగ్గిపోవును. ఇది యాకారమును గాక నడవడిని జూపు పటము.

ఈ యంత్రములవలన గలిగిన యుపకార మింతంత గాదు. హఠాత్తుగా మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో నది మెదడులోని రక్తనాళము మూసికొనిపోవుటవలననా, పగులుటవలననా యని సి.టి. కొలది నిమిషములలో దెలుపును. మూసికొనిపోయినచో గడ్డను గరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల నీయవలెను, పగిలినచో నీయరాదు. కావున పక్షవాతము సోకినపుడు పసరులకును మర్దనలకును కాలము పోగొట్టక వెంటనే పెద్దాస్పత్రికి గొనిపోవలెను.

మూర్ఛ విషయమును జూడుడు. మన దేశమున మూర్ఛకు గల కారణములలో బద్దెపురుగు యొకటి. దాని గ్రుడ్లు మలినమైన చేతులవలనను, సరిగా గడుగని పచ్చికూరలవలనను కడుపులోనికి జేరి, అందుండి నెత్తురుతో మెదడునకు బోయి చిన్న తిత్తులుగా నిలుచును. కావున మాంసము ముట్టనివారికిని ఇది రావచ్చును. ఒకప్పుడు దయ్యము పట్టినదని వేపమండలతో గొట్టించుకొనిన పిల్లల తలలో చిన్న యుంగరమువంటి తిత్తిని పటము చూపినది. చూపినతోడనే దయ్యము పోయి రోగము మిగిలెను; రోగమునకు మందు దొరకెను.

ఇంతవఱకు పటము చేసిన మేలు. ఇక దాని పరిమితి. పాఠశాలలో పాఠము జరుగుచుండగా కొన్ని క్షణములు కన్నులు నిలిపి, పిలిచినను పలుకక, మరల నేమియు నెఱుగనట్లు వ్రాతలో బడు పిల్లలు కొందఱుందురు. పరధ్యాన మని ఉపాధ్యాయులు దండించుటయు గలదు. వీరిలో గొందఱకున్నది ఒకవిధమైన మూర్ఛ. అట్టివారికి ఎం.ఆర్.ఐ. తీయించిన సాధారణముగా నేదోషమును గనబడదు. కాని తలకు తీగలంటించి మెదడులోని విద్యుత్తరంగములను గీయు ఇ.ఇ.జి. యను పరీక్షలో నా రోగము తేటపడును. 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గరు మొదట మనుష్యునియం దీ తరంగములను గుర్తించెను. పటమునకు జిక్కనిది తరంగమునకు జిక్కుచున్నది. ఒక యంత్రమునకు గానరానంతమాత్రమున రోగము లేదనుట తప్పు.

మెదడులోని దూతలు

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఒక కణము వేఱొకదానితో మాటలాడవలెనన్న నడుమ నత్యల్పమైన యెడము గలదు. ఆ యెడమును దాటుటకు రసాయన పదార్థములే దూతలు. డోపమైను, సెరటోనిను, నారడ్రినలిను మొదలగునవి యిట్టి దూతలలో కొన్ని.

ఈ దూతల కథలో మన దేశపు మూలికలకు పెద్దపీట గలదు. ఉన్మాదమునకును నిద్రలేమికిని మన వైద్యులు వాడు సర్పగంధను గూర్చి గణనాథసేనుడు, కార్తికచంద్రబోసు 1931లో వైద్యపత్రికకు వ్రాసిరి. దానినుండి 1952లో స్విట్జర్లాండున రిసర్పిను అను సారమును దీసిరి. అది మెదడులోని దూతల నిలువలను ఖాళీచేయునని తరువాత దెలిసినది. 1957లో స్వీడనున కార్ల్‌సన్ అను శాస్త్రజ్ఞుడు రిసర్పినుచే కదలక మెదలక పడియున్న కుందేళ్లకు ఎల్-డోపా యను పదార్థము నిచ్చెను. అవి లేచి తిరుగాడినవి. ఎల్-డోపాయే మెదడులో డోపమైనుగా మాఱును. 1960లో వియన్నా నగరమున ఎరింజరు, హోర్నికీవిచ్ అనువారు, కంపవాతముతో మరణించినవారి మెదడులలో డోపమైను మిక్కిలి తగ్గియుండుట గనుగొనిరి. నేటికిని కంపవాతమునకు ప్రధానౌషధము ఎల్-డోపాయే. కార్ల్‌సనునకు 2000 సంవత్సరమున నోబెలు బహుమానము వచ్చినది.

మనము దురద గింజ లని పిల్లలను దగ్గఱకు బోనీయని దూలగొండి యున్నది గదా! ఆయుర్వేదమున దానిని కపికచ్ఛు వందురు. 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి యను రసాయనజ్ఞులు దూలగొండి గింజలనుండి ఎల్-డోపాను వేఱుచేసి చూపిరి. అటులని గింజలు దంచి పెట్టుట యెంతమాత్రమును తగదు; గింజగింజకును పాళము మాఱును, మోతాదు మించిన హాని గలుగును.

అయస్కాంత యంత్రములు ఆకారమునే గాక కొన్ని రసాయనముల పాళమును గూడ గొలువగలవు. ఇందొక తెలుగువాని కృషి స్మరింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1927లో అమెరికాలోని హార్వర్డున ఫిస్కుగారితో గలసి, కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును వెల్లడించిరి. మెదడునందును ఇది శక్తికి నిలువ ధాన్యమువంటిది. నేడు ఫాస్ఫరసును గుర్తించు అయస్కాంత పరీక్షలలో, పుఱ్ఱెను ముట్టకయే, జీవించియున్న మెదడులో నాయన చూపిన పదార్థమును శాస్త్రజ్ఞులు కొలుచుచున్నారు. సుబ్బారావుగారు 1948లో గతించిరి. ఈ యంత్రములను వారు చూడలేదు.

విషాదమునకు గారణమేమి?

1952 ప్రాంతమున న్యూయార్కున క్షయరోగులకు ఇప్రోనియాజిడు అను మందిచ్చినపుడు వారిలో గొందఱకు అకారణమైన యుత్సాహము గలిగినది. కొలది సంవత్సరములకు స్విట్జర్లాండున కూన్ అను వైద్యుడు ఇమిప్రమిను అను మందు విషాదరోగులకు మేలుచేయుట చూచెను. ఈ రెండును సెరటోనిను, నారడ్రినలిను అను దూతలను నాడీకణముల నడుమ హెచ్చించునవి. రిసర్పిను దూతలను దగ్గించగా కొందఱు రోగులు క్రుంగిపోయి రని యదివఱకే వినికిడి గలదు. ఇవన్నియు జేర్చి, దూతల కొఱతయే విషాదమునకు గారణ మను సిద్ధాంతము 1960 దశాబ్దమున బయలుదేఱినది. కూరలో నుప్పు తక్కువైనది, మఱికొంత వేసిన సరిపోవును, అన్నట్టి లెక్క యిది.

కాని శోధించినకొలది నీ లెక్క కుదురలేదు. ఈ మందులు దూతలను కొన్ని గంటలలోనే హెచ్చించును. మనస్సు తేరుకొనుటకో రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పు డంతకు మించియు బట్టును. సెరటోనిను తక్కువగుటయే విషాదమునకు గారణమనుటకు నిలుకడైన సాక్ష్యము లేదని 2022లో వెలువడిన యొక పెద్ద సమీక్ష తేల్చినది. ఇది విని కొందఱు "అట్లయిన మందు లేల?" యని యడుగుదురు. తలనొప్పికి మాత్ర వేసికొన్న తగ్గును. ఆ మాత్ర దేహములో లోపించుటచేతనే తలనొప్పి వచ్చినదని యెవరును అనరు గదా! కారణము పూర్తిగా దేలకున్నను గుణము గనబడుచున్నది. వంశమునుండి వచ్చిన స్వభావము, బాల్యమున బడిన కష్టములు, నేటి దుఃఖములు, నిద్రలేమి, దేహములోని ఇతర రోగములు, ఇవన్నియు గలసి నాడీకణముల పొందికను మార్చునని నేటి యభిప్రాయము.

మఱి పటము? మాటిమాటికి విషాదము సోకినవారి మెదడులో జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్ అను భాగము సగటున గొంచెము చిన్నదిగా నుండునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సగటున అను మాట మఱువరాదు. సగటున పురుషులు స్త్రీలకంటె పొడుగరులు. అయినను తెఱచాటున నున్న యొకరి పొడుగుమాత్రము చెప్పి, వారు స్త్రీయో పురుషుడో చెప్పుమన్న నెవ్వరు చెప్పగలరు? అట్లే వేయిమందిని బోల్చిన గనబడు తేడా యొకరి పటమున గుర్తుగా బనికిరాదు. ఒకరికి విషాదరోగ మున్నదనియో లేదనియో నిశ్చయింపగల స్కాను నేటివఱకు లేదు. వృద్ధాప్యమున క్రొత్తగా మనోవికారము పుట్టినపుడును, తలనొప్పి, మూర్ఛ, మఱపు, అవయవముల నీరసము తోడైనపుడును, గడ్డ మొదలగునవి లేవని రూఢిచేసికొనుటకు వైద్యులు స్కాను వ్రాయుదురు. అది లోపము లేదని వచ్చినచో నా గడ్డలు లేవని యర్థము. బాధ లేదని యర్థము గాదు.

కంపవాతము నుపమానముగా దీసికొందము. ఆ రోగమున డోపమైను కణములు సగమునకు మించి నశించిన పిదపనే తఱచుగా చేయి వణకుట మొదలగును. అప్పుడును సాధారణ ఎం.ఆర్.ఐ. పలువురకు నిర్దోషముగనే యుండును. డోపమైను స్థానములను జూపు ప్రత్యేక పటములు వేఱు. పటము నిర్దోషమైనను వణకు చేతిని జూచి "నటించుచున్నావు" అని యెవరు నందురు? విషాదమున వణకునది చేయి గాదు, అందుచేత నమ్మము. చిత్ర మేమన, కంపవాత రోగులలో పలువురకు విషాదమును తోడగును. కొందఱకు వణకుకంటె ముందే వచ్చును. పక్షవాతము సోకినవారిలో సుమారు మూడవవంతు మందికి తరువాత విషాదరోగము గలుగును. పంజాగుట్ట రోగమునకును ఎఱ్ఱగడ్డ రోగమునకును నడుమ మనము కట్టిన గోడ మెదడులో లేదు.

ఇల్లాలు చేయదగినది

పటము చెప్పలేనిది వైద్యుడు సంభాషణవలన దెలిసికొనును. రెండు వారములకు మించి దినములో నధికభాగము మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైన పనులపై నాసక్తి నశించుట, వీనితో నిద్ర చెడుట, ఆకలి మాఱుట, ఊరకయే యలసట, తాను పనికిమాలినదాన నను తలంపు, చావుమీదికి మనస్సు పోవుట, ఇవి ముఖ్య లక్షణములు. కూరలో నుప్పు రెండుమార్లు వేయు కోడలిని, దీపము పెట్టుటకు లేవని తల్లిని సోమరి యనుటకుముందు ఈ లక్షణము లున్నవేమో కనిపెట్టవలెను.

నెత్తురు పరీక్షయు నవసరము. థైరాయిడు మందగించినను, నెత్తురు తక్కువైనను, బి-12 విటమిను, ఫోలికామ్లము లోపించినను ఇట్టి నీరసము గలుగవచ్చును. ఇవి సులభముగా నయమగునవి. ఫోలికామ్లమును ప్రయోగశాలలో దయారుచేసిన బృందమునకు నాయకుడును ఆ సుబ్బారావుగారే. గర్భము ధరింపగోరు స్త్రీలు ముందునుండియే వైద్యుల సలహాపై దానిని పుచ్చుకొన్నచో శిశువుయొక్క మెదడును వెన్నుపామును సరిగా నేర్పడుటకు సహాయమగును.

బాలింతల విషయమున మఱింత మెలకువ వలయును. కాన్పు తరువాత కొన్నిదినములు కన్నీరు వచ్చుట సామాన్యము. రెండు వారములకు మించినచో నది రోగము. నిద్రలేక, లేనిమాటలు వినబడి, బిడ్డనుగూర్చి విపరీతముగా మాటలాడినచో నాదినమే ఆస్పత్రికి గొనిపోవలెను. అమ్మవారు పూనినదని గాని, పుట్టింటిమీద బెంగ యని గాని ఉపేక్షింపరాదు.

మందు లారంభించిన పిదప రెండు వారములకే గుణము లేదని మానివేయుటయు, గుణము గనబడినంతనే స్వయముగా మానుటయు హానికరములు. ఒకప్పు డత్యుత్సాహమును ఒకప్పుడు విషాదమును గలుగువారికి లిథియము అను లవణ మిత్తురు. 1949లో ఆస్ట్రేలియాలో కేడ్ అను వైద్యుడు దాని గుణము గనుగొనెను. దానిని వాడువారు నెత్తురు పరీక్షలు తప్పింపరాదు.

చావవలెనని యుందని యెవరైన నన్నచో "ఛీ, అవేమి మాటలు" అని గసరక, ఒంటరిగా విడువక, ఓర్పుతో విని వైద్యునియొద్దకు గొనిపోవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ అను సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై నేవేళనైనను ఉచితముగా మాటలాడవచ్చును, తెలుగున జెప్పుకొనవచ్చును. 2017 మానసిక ఆరోగ్య చట్టము మనోవ్యాధికిని దేహవ్యాధికిని భీమాయందు భేదము చూపరాదని విధించినది. చట్టము చూపని భేదమును మన వంటయిండ్లలో మనమేల చూపవలెను?

ఎఱ్ఱగడ్డ వైద్యశాల 1953లో జాల్నానుండి యచ్చటికి దరలివచ్చినది. ఇన్ని సంవత్సరములుగా రోగులు దాని గడప ద్రొక్కుచున్నను, దాని పేరు చెప్పుటకు మనకు నోరు రాకున్నది. ఇకమీద మన యింట నొకరు మనస్సు బాగుగా లేదన్నపుడు "స్కానులో నేమి వచ్చినది?" అని యడుగుటకుముందు "ఎన్నాళ్లనుండి యిట్లున్నది, తల్లీ? నిద్ర పట్టుచున్నదా?" అని యడుగుదము. తోడు వచ్చెదమని చెప్పుదము. పెండ్లికని బొంకక, ఏ యాస్పత్రికి బోవుచున్నామో పొరుగువారికి జెప్పియే బయలుదేఱుదము.